నెగిటివ్ మా బీరువాలో ఉండేది

2022 జులైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకి చేరిందని టీవీలో చెబుతున్నారు. ఆ రాత్రి డల్లాస్ నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. "మావయ్యా, రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్లన్నీ మునిగిపోయాయటగా, మీరందరూ బాగానే ఉన్నారా? ఫోటో చూసి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు" అన్నాడు. ఏ ఫోటోరా అన్నాను. వాట్సాప్‌లో పంపాడు.

అది నేను తీసిన ఫోటో. 1986 ఆగస్టులో తీసింది.

భద్రాచలం దగ్గర 75.6 అడుగులొచ్చిన వరద అది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఉధృతి కాస్త తగ్గాక యాషికా కెమెరా మెడలో వేసుకుని రేవుకి వెళ్లాను. నీళ్లలోంచి పైకి తేలిన ఒకే ఒక్క మెట్టు మీద సత్తు బిందె పట్టుకుని ఒక కుర్రాడు నిలబడ్డాడు. పక్కన తాడు తెగిన పడవ. వెనకాల హేవలాక్ వంతెన, దాని మీద నెమ్మదిగా పోతున్న రైలు. నలుపు తెలుపు ఫోటో, 120 రోలులో ఏడో ఫ్రేము.

మేనల్లుడు పంపినదాంట్లో రంగులున్నాయి. నీళ్లు నీలంగా ఉన్నాయి. వరద గోదారి ఎర్రగా, చిక్కగా పారుతుందని మా జిల్లాలో పసిపిల్లలకి కూడా తెలుసు. రంగులేసిన యంత్రానికి తెలియదు. కింద కుడిమూల ఎవరిదో పేరు. పైన "రాజమండ్రి, ఈరోజు ఉదయం" అని రాసి ఉంది. హేవలాక్ వంతెన మీద 1997 తర్వాత రైలు నడవలేదు కదా అని ఆ ఫోటో పంపినవాళ్లలోగాని, పంచుకున్నవాళ్లలోగాని ఒక్కరికీ తట్టలేదు.

లంకల్లో అమ్మానాన్నలున్న పిల్లలు ఎక్కడెక్కడి దేశాల్లోనో ఉండి ఆ ఫోటో చూసి భయపడిపోయారు. నన్ను ఎక్కువ కష్టపెట్టింది అదే. నా పేరు పోయినందుకు బాధ లేదనను, ఉంది. కానీ నేను ఒక రోజుకి సాక్ష్యంగా తీసిన ఫోటోని ఇంకో రోజుకి దొంగసాక్ష్యంగా నిలబెట్టారు. యాభై ఏళ్లు ఈ పని చేసినవాడిని, అది నాకు మింగుడుపడలేదు.

ఎలా బయటికి పోయిందో కూడా తెలుసు. 2015 పుష్కరాలప్పుడు మా మనవరాలు గోడ మీదున్న ప్రింటుని ఫోనుతో తీసి "మా తాతయ్య తీసిన ఫోటో, 1986" అని ఫేస్‌బుక్కులో పెట్టింది. ప్రేమతోనే పెట్టింది. ఎవరో దించుకున్నారు, ఎవరో పై భాగం కత్తిరించారు, ఇంకెవరో రంగులేశారు. ఏడేళ్లు తిరిగేసరికి తాతయ్య పోయాడు, సంవత్సరం పోయింది, ఒక చోటయితే ఊరు కూడా మారిపోయి విజయవాడ కృష్ణమ్మ అయిపోయింది.

నెగిటివ్ మాత్రం మా ఇంట్లో ఉంది. బటర్ పేపరు కవర్లో, అంచు మీద ఇండియన్ ఇంకుతో రాసిన నంబరుతో.

నేను 1971లో, పదిహేడేళ్ల వయసులో, కోటగుమ్మం దగ్గర ఒక స్టూడియోలో పనికి చేరాను. కెమెరా పట్టుకోనిస్తారేమో అని ఆశగా వెళ్తే మా గురువుగారు నా చేతికి రిజిస్టరు ఇచ్చారు. ఆరు నెలలు అదే పని. నెగిటివ్ నంబరు, తేదీ, మనిషి పేరు, ఊరు, సైజు, ఎన్ని కాపీలు, తీసుకున్నవాళ్ల సంతకం. ప్రింటు వెనకాల రబ్బరు స్టాంపు వెయ్యాలి. స్టూడియో పేరు, కింద నెగిటివ్ నంబరుకి ఖాళీ జాగా. ఆ నంబరు చేత్తో రాయాలి, అంకె చెదిరితే ఒప్పుకునేవారు కాదు. "ఈ నంబరు తప్పయితే ఒకళ్ల మొహం ఇంకొకళ్ల ఇంటికి పోతుందిరా" అనేవారు. అప్పుడు పెద్దగా అర్థం కాలేదు.

డార్క్‌రూంలో ఎర్ర బల్బు కింద పాడైన ప్రింట్లు పడేస్తాం కదా, వాటిని చెత్తబుట్టలో వెయ్యనిచ్చేవారు కాదు. ఎక్స్‌పోజరు ఎక్కువై నల్లబడినవీ, తక్కువై తెల్లబోయినవీ, హైపో సరిగ్గా కడగక పచ్చబడినవీ, అన్నీ ఒక డబ్బాలో వేసి శనివారం సాయంత్రం పెరట్లో కాల్చేవాళ్లం. ఎవరో ఒక ఇంటి ఆడపిల్ల మొహం పొట్లం కాగితంగా పచారీ కొట్టుకి పోకూడదు. ఇది ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు. మా వీధిలో మూడు స్టూడియోలుంటే మూడింటిలోనూ ఇంతే.

షోకేసు సంగతి చెప్పాలి. స్టూడియో ముందు అద్దాల బీరువాలో మంచి ఫోటోలు పెట్టేవాళ్లం, అదే మాకు ప్రచారం. ఒకసారి నేనే పొరపాటు చేశాను. కాలేజీ అమ్మాయి ఫోటో ఒకటి చాలా బాగా వచ్చింది, కిటికీ వెలుగులో తీసింది. అడగకుండా షోకేసులో పెట్టేశాను. నాలుగో రోజున వాళ్ల నాన్నగారు వచ్చారు. గొడవ చెయ్యలేదు. "మా అమ్మాయి బొమ్మ బజార్లో ఉందండి" అన్నారు, అంతే. గురువుగారు లేచి, తాళం తీసి, ఫోటో తీసి ఆయన చేతిలో పెట్టారు. బీరువాలోంచి నెగిటివ్ కూడా తీసి ఇచ్చేశారు. డబ్బు తీసుకోలేదు. ఆయన వెళ్లాక నన్నేమీ అనలేదు. ఆ షోకేసు మాత్రం నెల రోజులు ఖాళీగా ఉంచారు.

ఇప్పుడు మా వీధిలోనే పెళ్లిళ్ల ఫోటోలు తీసే కుర్రాళ్లున్నారు. పనిమంతులే, వెలుగు తెలిసినవాళ్లే. కానీ పెళ్లయిన మర్నాటికి పెళ్లికూతురు మంగళస్నానం ఫోటోలు వాళ్ల ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంటాయి. అడిగారా అంటే "అందరూ పెడతారు మాస్టారూ, అడ్వాన్సు తీసుకునేటప్పుడు చెప్పాంగా" అంటారు. చెప్పడం వేరు, అడగడం వేరు. బారసాలలో పసిపిల్లని ఒంటిమీద నూలుపోగు లేకుండా తీసిన ఫోటో కూడా పెడతారు. ఆ పిల్లకి పద్దెనిమిదేళ్లొచ్చాక ఎవర్ని అడగాలి?

చట్టం కూడా వాళ్లవైపు లేదు. 1957 కాపీరైట్ చట్టంలో 17వ సెక్షను చూడండి. ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం రాసుకోకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. తీసినవాడు కాదు. నెగిటివ్ మా బీరువాలో ఉండేది, హక్కు మాత్రం వాళ్లది. మేము దాన్ని దాచిపెట్టాం తప్ప సొంతం చేసుకోలేదు. నా అంతట నేను వెళ్లి తీసిన వరద ఫోటో మాటకొస్తే, అది నాది. 2012లో చట్టం సవరించాక ఫోటోకి కూడా తీసినవాడి జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు రక్షణ ఉంది. కాగితం మీద గట్టి హక్కే.

పెళ్లిచూపుల ఫోటో గురించి నేటి పిల్లలకి చెబితే నమ్మరు. అమ్మాయిని తీసుకుని తల్లో, మేనత్తో వచ్చేవారు. పట్టుచీర, చేతిలో పుస్తకమో, పక్కన స్టాండు మీద పూలకుండో. గడ్డం కాస్త పైకెత్తమనడానికి కూడా నేను చెయ్యి వెయ్యకూడదు, మేనత్తగారికి చెబితే ఆవిడ సర్దేది. నెగిటివ్ మీద మెత్తటి పెన్సిలుతో టచింగ్ చేసేవాళ్లం. మొటిమ మచ్చ తీసెయ్యచ్చు, ముక్కు మార్చకూడదు, అది మోసం. ప్రింట్లు మూడు, ఎక్కువయితే నాలుగు. అంతకుమించి అడిగితే "అన్నెందుకండీ" అని గురువుగారే అడిగేవారు.

ఆ మూడు ఫోటోలూ ఊళ్లు తిరిగేవి. పెళ్లిళ్ల పేరయ్య సంచిలో, జాతకం కాగితంతోపాటు. సంబంధం కుదిరితే ఫోటో ఆ ఇంట్లో ఉండిపోయేది. కుదరకపోతే తిరిగొచ్చేది. నచ్చలేదన్న మాట నోటితో చెప్పక్కర్లేదు, ఫోటో తిరిగి పంపితే అర్థమైపోయేది. తిరిగి పంపకుండా ఉంచుకున్నవాళ్లని నలుగురిలో నిలదీసేవారు. ఒకసారి అమలాపురం వైపు ఒక ఇంటివాళ్లు రెండు నెలలైనా ఫోటో పంపలేదని అమ్మాయి పెదనాన్న బస్సెక్కి వెళ్లి తెచ్చుకున్నాడు. నేరుగా స్టూడియోకి వచ్చి, "మీ నంబరు ఉందా లేదా చూడండి బాబూ, కాపీ తీయించి ఇది కొత్తది ఇచ్చారేమో" అన్నాడు. వెనక్కి తిప్పి చూశాను. నా చేతి రాతే. అప్పుడు గాని ఆయన మంచినీళ్లు తాగలేదు.

నేటి సంగతి అందరికీ తెలిసిందే. బయోడేటాతో కలిపి నాలుగు ఫోటోలు, నిలువునా ఒకటి, నవ్వుతూ ఒకటి, చీరలో ఒకటి, డ్రెస్సులో ఒకటి. వధూవరుల గ్రూపులో వేస్తారు. ఆ గ్రూపులో ఎవరున్నారో వేసినవాళ్లకి తెలియదు. అక్కడినుంచి ఇంకో గ్రూపుకి, అక్కడినుంచి ఇంకోదానికి. అమ్మాయి పెళ్లయి, పిల్లాడు పుట్టి, బడికి వెళ్తున్నా ఆ ఫోటో ఇంకా సంబంధాల గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తిరిగి పంపడం అన్న మాటకే చోటు లేకుండా పోయింది. పంపినవాళ్ల దగ్గరా ఉంటుంది, అందుకున్నవాళ్ల దగ్గరా ఉంటుంది, ఇక తిరిగి రావడానికి ఏముంది? కొన్ని పెళ్లిసంబంధాల సైట్లలో ఫోటోకి తాళం వేసుకునే వీలుంది, అడిగినవాళ్లకే తెరుచుకుంటుంది. ఆడపిల్లలున్న ప్రతి ఇంటివాళ్లూ ఆ తాళం వాడండి అని నేను కనబడిన వాళ్లందరికీ చెబుతున్నాను. "తాళం వేస్తే ఎవరూ చూడరండీ" అంటారు.

మా రోజుల్లో కాపీ తీసేవాళ్లు లేరా అంటే ఉన్నారు. ప్రింటుని బల్ల మీద పరిచి, అటో దీపం ఇటో దీపం ఏటవాలుగా పెట్టి, పైనుంచి కెమెరాతో తీస్తే కాపీ నెగిటివ్ తయారవుతుంది. పోయిన పెద్దవాళ్ల ఫోటోలు పెద్దవి చెయ్యడానికి మేమూ అలాగే తీసేవాళ్లం. కానీ కాపీ ఎప్పుడూ కాపీలాగే ఉండేది. నలుపు మరీ నల్లబడేది, తెలుపు మరీ తేలిపోయేది, చెంపల మీద మెత్తదనం పోయి గ్రెయిన్ లేచేది. కాపీకి కాపీ తీస్తే మనిషిని పోల్చుకోవడమే కష్టం. అదీ చాలదన్నట్టు సిల్క్ పేపరు వాడేవాళ్లం. దాని మీద సన్నటి నేత గళ్లుంటాయి. దీపం పడగానే ఒక్కో గడీ తళుక్కుమని మెరిసి కాపీని పాడుచేస్తుంది. దొంగిలించేవాడికి బల్ల కావాలి, దీపాలు కావాలి, చీకటి గది కావాలి, ఒక పూట కావాలి. ఆ కష్టమే మాకు సగం కాపలా.

ఇప్పటి ఫోటోకి ఆ అరుగుదల లేదు. ఫైలుకి కాపీ తీస్తే అచ్చంగా అదే. వెయ్యోదీ మొదటిదానిలాగే ఉంటుంది. ఏది మూలం, ఏది నకలు అని పట్టుకోవడానికి నాలాంటివాడి కంటికి ఆధారమేమీ లేదు.

నిజానికి ఈ జారుడు ఫోన్లతో మొదలవలేదు. కలర్ ల్యాబులొచ్చినప్పుడే మొదలైంది. ప్రింట్లతోపాటు నెగిటివ్‌లు కూడా నాలుగేసి ముక్కలుగా కత్తిరించి కస్టమరు చేతిలో పెట్టేశారు. మంచిదే కదా, ఎవరిది వాళ్లకి అనుకున్నాం. వాళ్లు ట్రంకుపెట్టెలో పడేస్తే బూజు పట్టింది. బూజు పడితే పోనీ, ఎవరి ఫోటో ఎవరి దగ్గరుందో లెక్క చెప్పే రిజిస్టరు ఆ రోజుతోనే ఆగిపోయింది.

ఇలా నంబరు వేసి లెక్క ఉంచడం మాకంటే చాలా ముందునుంచీ ఉంది. మన సికింద్రాబాదులో రాజా దీన్‌దయాళ్ స్టూడియో ఉండేది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు ఆయన, 1905లో పోయారు. గాజు పలకల మీద నెగిటివ్‌లు, వాటి మీదే నంబరు. ఆయన 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో పెట్టారు. పరదా పాటించే ఆడవాళ్ల కోసం. మగవాళ్ల అడుగు పడకుండా ఒక ఇంగ్లీషు ఆవిడ అక్కడ ఫోటోలు తీసేది. ఆ పాత రోజుల్లోనే, ఈ మొహం ఎవరు చూడొచ్చు అని ముందు ఆలోచించి తర్వాత తలుపు తెరిచారు. నేను ఆ పరదాని సమర్థించడం లేదు. ఆ ఆలోచనని గౌరవిస్తున్నాను.

ఇక ఇప్పుడున్న కాపలాలు. మా మనవరాలు కంప్యూటరు చదువుకుంది. దాన్ని కూర్చోబెట్టి అన్నీ అడిగి తెలుసుకున్నాను, కొన్ని స్వయంగా చేసి చూశాను.

వెబ్‌సైటులో కుడి బటను నొక్కితే ఫోటో దిగకుండా చేస్తారు. అది తలుపు తీసి ఉంచి గొళ్లెం పెట్టడం. తెర మీద ఫోటో కనబడిందంటే అది అప్పటికే చూసేవాడి యంత్రంలోకి దిగిపోయింది. ఫేస్‌బుక్ వాళ్లు 2017 జూన్‌లో మన దేశంలోనే మొదటగా ప్రొఫైల్ ఫోటోకి కాపలా పెట్టారు. నీలం అంచు, డాలు గుర్తు, ఇతరులు దించుకోలేరు. మన ఆడపిల్లలు మొహం ఫోటో పెట్టడానికి భయపడుతున్నారని తెలిసి చేసిన పని. వాట్సాప్‌లో 2024 నుంచి ఎదుటివాళ్ల ప్రొఫైల్ ఫోటోని స్క్రీన్‌షాట్ తీయనివ్వడం లేదు. ఇవి మంచివే, వాడుకోవాలి. కానీ పక్కన ఇంకో ఫోను పెట్టి తెరనే ఫోటో తీసేవాడిని ఏ డాలూ ఆపలేదు.

మూలన పేరు వేసుకోవడం చాలామంది చేస్తారు. కత్తిరించేస్తారు, నా వరద ఫోటో పై భాగాన్ని కత్తిరించినట్టే. మధ్యలో వేస్తే ఫోటోనే చెడుతుంది. 2017లో గూగుల్ పరిశోధకులే ఒక సంగతి బయటపెట్టారు. ఒకే ముద్రని అచ్చంగా ఒకేలా వందల ఫోటోల మీద వేస్తే, ఆ ఫోటోలన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుని యంత్రం ఆ ముద్ర ఆకారాన్ని పట్టేసి చెరిపేస్తుంది. ఫోటో ఫోటోకీ ముద్ర గీతల్ని కాస్త వంకర తిప్పితే దానికి అంత తేలిగ్గా దొరకదు. ఇది వినగానే మా గురువుగారు గుర్తొచ్చారు. స్టాంపు అచ్చువేసినా నంబరు చేత్తోనే రాయాలనేవారు కదా. చేతిరాత రెండుసార్లు ఒకేలా ఉండదు.

ప్రింటు వెనకాల స్టాంపు లాంటిది ఇప్పటి ఫైలు లోపల కూడా ఉంటుంది. ఏ కెమెరా, ఏ తేదీ, ఎన్ని గంటలకి అన్నది కెమెరానే రాస్తుంది. తీసినవాడి పేరూ, హక్కు ఎవరిదన్నదీ మనం రాసుకోవచ్చు. తీరా వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది మొత్తం తుడిచిపెట్టి, ఫోటోని నలిపి చిన్నది చేసి పంపుతుంది. డాక్యుమెంటుగా పంపితే చెక్కుచెదరదు. అయితే దాంట్లో ఒక ప్రమాదముంది. ఫోనులో లొకేషను పెట్టి ఉంటే ఇల్లెక్కడుందో కూడా ఆ స్టాంపులోనే ఉంటుంది. తెలియనివాళ్లకి పంపేటప్పుడు అది తీసెయ్యాలి.

నాకు బాగా నచ్చింది, నేను పాటిస్తున్నది ఒక్కటే. పెద్ద ఫైలు బయటికి పంపకపోవడం. పన్నెండు, పద్దెనిమిది అంగుళాల ఆల్బం పేజీ శుభ్రంగా అచ్చవ్వాలంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున 3,600 అడ్డం, 5,400 నిలువు కావాలి. ఫోనులో చూడ్డానికి పొడుగువైపు 1,080 ఉంటే సరిపోతుంది. అది దొంగిలించి అచ్చువేస్తే మూడున్నర అంగుళాలు దాటగానే పలచబడిపోతుంది. మళ్లీ ఆ కాపీ అరుగుదల కొంతైనా వస్తుంది. ఈమధ్య యంత్రాలు లేని వివరాల్ని ఊహించి పెద్దవి చేస్తున్నాయిట. ఊహించనివ్వండి, ఆ ఊహకీ మూలానికీ తేడా చూపించడానికి మూలం నా దగ్గరుండాలి.

డిజిటల్ కెమెరావాళ్లకి రా ఫైలంటే అదే నెగిటివ్. దాన్ని ఎవరికీ ఇవ్వొద్దు, రెండు హార్డుడిస్కుల్లో రెండు ఇళ్లలో దాచండి అని మా కుర్రాళ్లకి చెబుతాను. "ఫోటో నాది" అని రేపు ఇద్దరు నిలబడితే రా ఫైలున్నవాడి మాట నిలుస్తుంది. పెద్ద పోటీల్లో బహుమతిచ్చే ముందు దాన్నే అడుగుతారు. 2021లో కొన్ని పెద్ద కంపెనీలు కలిసి ఇంకో పద్ధతి మొదలుపెట్టాయి. ఫోటో ఎక్కడ పుట్టింది, తర్వాత దాని మీద ఏమేం మార్పులు చేశారు అన్న చరిత్ర ఫైలుతోనే ముద్రవేసి పంపడం. 2023లో లైకా వాళ్లు ఎం11-పి అనే కెమెరాలో దాన్ని పుట్టుకతోనే పెట్టారు. మా రిజిస్టరుకి ఇంతకాలానికి ఒక వారసుడు పుట్టాడనిపించింది. ప్రతి ఫోనులోనూ, ప్రతి యాప్‌లోనూ అది వచ్చి, మధ్యలో ఎవరూ తుడిచెయ్యకుండా ఉన్ననాడు నేను సంతోషిస్తాను.

పేరుకి పేరు పోయినా, వరద ఫోటోకి రంగులేసినా, నేను బతికే ఉన్నాను కాబట్టి గొడవపడగలను. పడ్డాను కూడా. గూగుల్‌లో 2011 నుంచి ఫోటోనే ఇచ్చి వెతికే వీలుంది. మనవరాలి చేత వెతికించి, దొరికిన ప్రతి చోటా ఫిర్యాదు పెట్టించాను. మన కాపీరైట్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిన 36 గంటల్లోగా దాన్ని కనబడకుండా చెయ్యాలి. ఆ తర్వాత 21 రోజుల్లో కోర్టు ఆదేశం తేకపోతే మళ్లీ పెట్టుకోవచ్చు. ఒక ఫోటో కోసం డెబ్బై దగ్గర పడ్డవాడు కోర్టుకెక్కాలా? కొందరు తీసేశారు, కొందరు జవాబే ఇవ్వలేదు.

నేను ఇంతసేపూ చెప్పాలనుకుంటున్నది మా ఫోటోగ్రాఫర్ల గోడు కాదు. మా వీధి చివర డిగ్రీ చదివే పిల్ల ఒకతె ఉంది. ఎవడో ఆ పిల్ల ప్రొఫైల్ ఫోటో దించుకుని, దాంతో వేరే పేరుతో ఖాతా తెరిచి, మొహం ఒకటీ ఒళ్లు ఒకటీగా అతికించిన బొమ్మలు పెట్టాడు. తల్లి ఏడ్చుకుంటూ మా ఇంటికొచ్చింది, "బాబాయ్‌గారూ, మీకు ఫోటోల సంగతి తెలుసుగా" అని. 2023 నవంబరులో రష్మిక మందన్న మొహాన్ని వేరే అమ్మాయి వీడియోకి అతికిస్తే దేశమంతా అట్టుడికిపోయింది. మూడు నెలలు తిరక్కుండా ఢిల్లీ పోలీసులు మన ఆంధ్రా కుర్రాడినే పట్టుకున్నారు. 2025లో చిరంజీవిగారు హైదరాబాదు కోర్టులో, నాగార్జునగారు ఢిల్లీ హైకోర్టులో తమ మొహం, తమ పేరు ఇతరులు వాడుకోకుండా ఆదేశాలు తెచ్చుకున్నారు. మంచి పని. మా వీధి పిల్లకి అంత లాయరు ఎక్కడినుంచి వస్తాడు?

నేనూ మనవరాలూ కలిసి సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించాం. ఇలాంటి అతికింపు బొమ్మల మీద బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తీసెయ్యాలని అప్పటికి 2021 నియమాల్లో రాసి ఉండేది, అది చూపించాం. స్టాప్ ఎన్‌సీఐఐ అని ఇంకొకటుంది. నగ్నంగా చేసిన బొమ్మల కోసం 2021 చివర్లో మొదలైంది. బొమ్మని ఎక్కడికీ పంపనక్కర్లేదు, మన ఫోనులోనే దాని నుంచి ఒక అంకెల వేలిముద్ర తయారవుతుంది. ఆ వేలిముద్ర మాత్రమే కంపెనీలకి వెళ్తుంది. అదే బొమ్మ ఎవరైనా ఎక్కిస్తే అక్కడ పట్టుబడుతుంది. పిల్ల మొహం ఇంకెవరికీ చూపించకుండానే పిల్లని కాపాడే పద్ధతి ఇది. దాన్ని కనిపెట్టినవాళ్లకి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

బొమ్మలు పోయాయి. కానీ ఒక ఆఫీసులో ఆ పిల్లని అడిగిన మాట నా చెవుల్లోంచి పోవడం లేదు. "అసలు ఫోటో ఎందుకు పెట్టావమ్మా?"

యాభై ఏళ్ల కింద ఒక ఆడపిల్ల ఫోటో బజార్లోకొస్తే ఆ పిల్లని ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. స్టూడియోకి వచ్చి మమ్మల్ని అడిగారు. ఎవరికిచ్చావు, ఎన్ని కాపీలు తీశావు, నీ రిజిస్టరు చూపించు అని అడిగారు. అడిగే హక్కు వాళ్లకుంది, జవాబు చెప్పే బాధ్యత మాకుంది. ఆ బాధ్యతతోనే మేము తిండి తిన్నాం. ఇప్పుడు కోట్లమంది మొహాలు తమ దగ్గర పెట్టుకుని వ్యాపారం చేసేవాళ్లని నిలదియ్యకుండా, దొంగని వెతక్కుండా, పిల్లని నిలబెట్టి అడుగుతున్నారు. పిల్ల తప్పేముంది? పుట్టినరోజుకి కొత్త లంగావోణీ వేసుకుని ఫోటో పెట్టుకుంది.

ఆ రోజు ఇంటికొచ్చి మా బీరువా తెరిచాను. స్టూడియో మూసేసి చాలా ఏళ్లయింది, గురువుగారు పోయినప్పుడు వారి రిజిస్టర్లు, నెగిటివ్‌లు కూడా నా దగ్గరికే వచ్చాయి. నా తర్వాత వీటిని చూసేవాళ్లెవరూ లేరు. పాత ఇనుప సామాన్లవాడి బండిలో ఇవి పోకూడదు. అందుకని రోజుకి పది కవర్ల చొప్పున తీసి, పేర్లు చూసి, ఆ కుటుంబాలు ఊళ్లో ఉంటే కబురు పెడుతున్నాను. కొందరు వస్తున్నారు. దొరకనివాళ్లవి పక్కన పెడుతున్నాను, వాటి సంగతి ఆలోచించాలి.

మొన్న ఒకావిడ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, కొడుకు స్కూటరు మీద దింపి వెళ్లాడు. 1974లో తీసిన పెళ్లిచూపుల ఫోటో. మూడు కాపీలు, మేనత్తగారి సంతకం. కవరు చేతిలో పెడితే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో ఎత్తి చూసుకుంది. నెగిటివ్‌లో జుట్టు తెల్లగా, మొహం నల్లగా కనిపిస్తుంది కదా, కాసేపు పోల్చుకోలేకపోయింది. తర్వాత చీర అంచు గుర్తుపట్టింది.

"ఇది స్కాను చేసి ఫోనులో వేసిస్తారా బాబూ, పిల్లలకి పంపిస్తాను" అంది. చేసిస్తానన్నాను. "ఎంతమందికి పంపుతారమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ముగ్గురికి" అంది.

స్కాను చేసి చిన్న సైజులో ఆవిడ ఫోనులో వేశాను. పెద్దది ఒక పెన్‌డ్రైవులో పెట్టి విడిగా ఇచ్చాను. నా కంప్యూటర్లోది ఆవిడ చూస్తుండగానే తీసేశాను. రిజిస్టరు తీసి, ఆ నంబరు ఎదురుగా ఖాళీగా ఉన్న చివరి గడిలో "నెగిటివ్ ఇచ్చేశాను, కాపీలు మూడు" అని రాసి, తేదీ వేసి, ఆవిడ చేత సంతకం పెట్టించుకున్నాను.